అంటుమొక్కల ముచ్చట

రాజమహేంద్రవరం దాటి రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద సాగేవారికి వేమగిరి దగ్గర నుంచే దారి పొడవునా ఒక వింత కొలువు కనిపిస్తుంది. నల్లని ప్లాస్టిక్ సంచుల్లో కుదురుగా కూర్చున్న మొక్కలు, వరుసలు తీరి, బారులు కట్టి, ఎవరి పిలుపు కోసమో ఎదురుచూస్తున్నట్లుంటాయి. కడియపులంక, బుర్రిలంక, వీరవరం, పొట్టిలంక, జేగురుపాడు - ఏ ఊరు చూసినా ఇదే వరస. ఈ ఊళ్ళన్నింటినీ కలిపి లోకం 'కడియం నర్సరీలు' అని ఒక్క మాటలో పిలుస్తుంది. బండి ఆపి "ఇదేం మొక్కండీ?" అని అడిగితే, "కాగితం పువ్వండి, నీళ్ళెక్కువ పొయ్యక్కర్లేదండి" అని గోదావరి మర్యాదతో సమాధానం వస్తుంది. తరువాత ధర గురించి బేరం మొదలవుతుంది. పేరు, ధర తెలిశాక ఇంకేమీ అడగాలని ఎవరికీ తోచదు. నిజానికి అడగవలసిన ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి.

ఈ నేలకు మొక్కలు పెంచే యోగం ఎలా పట్టిందన్నది మొదటి ప్రశ్న. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు ఒక కారణం. ధవళేశ్వరం ఆనకట్ట మరొక కారణం. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో మొదలైన ఆ నిర్మాణం 1852లో పూర్తయింది. అంతకుముందు వరదకు మునిగి, వాన లేని ఏట ఎండి, కరవుల పాలైన సీమలో కాలువలు పారాయి. కాటన్ దొర విగ్రహం లేని ఊరు డెల్టాలో అరుదు. ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు మాత్రం అంతగా వినిపించదు. కాలువ కింద వరి పండడం ఎక్కడైనా ఉన్నదే. ఏడాది పొడవునా తడి అందే నేల, పక్కనే పెద్ద రహదారి, దగ్గరలో రైలు - ఈ మూడూ ఒకచోట కలిసినప్పుడు వరి కన్న మొక్కే లాభమని గ్రహించిన రైతు బుద్ధి మాత్రం కడియానిదే. కడియపులంకలో శ్రీ సత్యనారాయణ నర్సరీని నెలకొల్పిన పల్ల వెంకన్న వంటి వారు ఈ వృత్తికి రాష్ట్రం ఎల్లలు దాటిన కీర్తి తెచ్చారు.

కడియం తోటల్లో అనుక్షణం వినిపించే మాట 'అంటు'. తెలుగు నిఘంటువులు తిరగేస్తే ఈ రెండక్షరాల మాటకు ఎన్ని అర్థాలున్నాయో చూసి విస్తుపోవలసిందే. తాకడం అంటు. తగులుకోవడం అంటు. ఎంగిలి గిన్నెలు అంట్లు. మైల పడితే అంటు. ఒకరి నుంచి ఒకరికి సోకేది అంటువ్యాధి. సాటి మనిషిని దూరంగా నిలబెట్టడానికి సంఘం పెట్టుకున్న పేరు అంటరానితనం. ఇన్ని చేదు అర్థాల నడుమ తోటమాలి మాత్రం ఆ మాటను మరో దారిలో నడిపించాడు. రెండు వేరు వేరు చెట్లను ఒక్క చెట్టుగా బతికించే విద్యకు కూడా 'అంటు' అనే పేరు పెట్టాడు. ఇంట్లోనూ వీధిలోనూ మనుషులను విడదీసిన మాటే పెరట్లో చెట్లను కలిపింది. తాకడానికి వీల్లేదని చెప్పిన నోటితోనే, తాకితే తప్ప బతకదని చెప్పవలసి వచ్చింది. పండితులు కూర్చుని చర్చించి ఈ అర్థాన్ని చేర్చి ఉండరు. మట్టి చేతులతో పనిచేసినవారే చేర్చి ఉంటారు.

అంటు కట్టడం చూడడానికి సులభంగా కనిపిస్తుంది. నాటు మామిడి టెంకను పాతి మొలకెత్తించి, ఆ లేత మొక్క తలను తీసివేసి, కాండాన్ని నిలువునా చీలుస్తారు. కోరిన రకం మామిడి నుంచి తెచ్చిన కొమ్మ మొదలును ఉలి మొనలాగా చెక్కి ఆ చీలికలో దించుతారు. గాలి, నీరు చొరబడకుండా ప్లాస్టిక్ పట్టీతో బిగించి కడతారు. ఇంతే. కాని బెరడుకు దిగువన, కలపకు పైన, కంటికి ఆననంత సన్నని పొర ఒకటి ఉంటుంది. వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు దానిని విభాజ్య కణజాలమని నేర్చుకుంటారు. కింది మొక్క పొర, పై కొమ్మ పొర ఒకదానికొకటి ఆనుకుంటేనే కొత్త కణాలు పుట్టి, నీరు పైకి పోయే దారులూ ఆహారం కిందికి దిగే దారులూ కలుస్తాయి. వెంట్రుకవాసి తప్పినా కొమ్మ వాడిపోతుంది. కత్తి మొద్దుబారినా, కోసిన గాయం ఆరిపోయినా, పట్టీ వదులైనా ఫలితం అదే. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసి చూపే ఈ పొరను అంటుకట్టే స్త్రీలు పేరు తెలియకుండానే వేలి కొసతో గుర్తుపడతారు.

'గూటి' కట్టడం ఇంకొక విద్య. జామ, దానిమ్మ వంటి వాటికి కొమ్మ మీద అంగుళం మేర బెరడును ఉంగరంలాగా ఒలిచివేస్తారు. ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగడానికి దారి లేక అక్కడే ఆగిపోతుంది. ఆ చోట తడి నాచు పెట్టి కడితే కొన్ని వారాలకు, చెట్టు మీద ఉండగానే, గాలిలో వేళ్ళు పుడతాయి. అప్పుడు కొమ్మను కోసి దించితే అది స్వతంత్రమైన మొక్క.

ఈ విద్య సీమదొరలు తెచ్చిపెట్టింది కాదు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఒక చెట్టు కాండాన్ని పేడతో మెత్తి మరొక చెట్టు మొదలుపైన గాని, బోదెపైన గాని చేర్చడం గురించి అందులో ఉంది. పనస, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష వంటి వాటితో పాటు అరటినీ ఆ జాబితాలో పేర్కొన్నాడు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. అరటి ఏకదళ బీజజాతి మొక్క. దానిలో ఆ విభాజ్య పొర ఉండదు. కనుక అంటు పట్టదు. మరి ఆచార్యుడు అరటిని ఎందుకు చేర్చాడు? విత్తనం లేకుండా కొమ్మ వల్లనో మొక్క ముక్క వల్లనో పెరిగే వాటినన్నింటినీ ఒకేచోట చెప్పి ఉండవచ్చు. ప్రాచీన గ్రంథంలో ఉన్నదల్లా నిజమని పొంగిపోవడం ఎంత పొరపాటో, అందులో ఏమీ లేదని పక్కన పెట్టడం అంత పొరపాటు. సురపాలుడు రచించిన మరొక వృక్షాయుర్వేదం ప్రతి ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో దాగి ఉండి, 1996లో సికింద్రాబాదు నుంచి అనువాదంతో వెలువడింది. మన తోటల శాస్త్రాన్ని మనం చదువుకోవడానికి అంత దూరం తిరిగి రావలసి వచ్చింది.

అంటుమొక్క గురించి ఎవరూ అంతగా పట్టించుకోని విశేషం మరొకటి ఉంది. బంగినపల్లి పండు తిని టెంక పాతితే పుట్టే చెట్టు బంగినపల్లి కాదు. తల్లి పోలికలు కొన్ని, ఊరూ పేరూ తెలియని తండ్రి పోలికలు కొన్ని కలిసిన కొత్త చెట్టు. అసలైన బంగినపల్లి కావాలంటే బంగినపల్లి కొమ్మే కావాలి. ఆ కొమ్మ ఇంకో చెట్టు నుంచి, అది అంతకుముందరి చెట్టు నుంచి వచ్చినదే. ఇలా వెనక్కి పోగా పోగా ఎన్నడో ఎక్కడో మొలిచిన ఒకే ఒక్క చెట్టు దగ్గర ఆగుతాం. అంటే నేడు తెలుగునాట ఉన్న లక్షల బంగినపల్లి చెట్లు ఒక్క చెట్టు చాచిన చేతులే. కలెక్టరు మామిడి, సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి - అన్నీ అంతే. మొదటి చెట్టు ఏనాడో కూలి ఉంటుంది. కాని దాని కొమ్మ చావలేదు.

అమరత్వానికి మూల్యం ఉంటుందని పురాణాలు చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒకే చెట్టు లక్ష చోట్ల ఉన్నదంటే, ఒక తెగులుకు లొంగే బలహీనత కూడా లక్ష చోట్ల ఉన్నట్లే. అరటి విషయంలో ఇది రుజువైంది. 20వ శతాబ్ది నడిమి వరకు పాశ్చాత్య దేశాల సంతలను ఏలిన 'గ్రో మిషెల్' అనే అరటి రకం, పనామా తెగులు సోకి వాణిజ్య తోటల నుంచి దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది. దాని స్థానంలో వచ్చిన కావెండిష్ రకానికి ఇప్పుడు అదే తెగులు మరో రూపంలో సోకుతున్నది. మన గోదావరి వాసులు ప్రాణంతో సమానంగా చూసుకునే అమృతపాణికీ ఈ తెగులు పాత శత్రువే. అందుకే పెరట్లో టెంక నుంచి దానంతట అది మొలిచిన పుల్ల మామిడిని నరికేముందు ఒక్కసారి తటపటాయించడం మంచిది. దాని కాయ పచ్చడికి కూడా పనికిరాకపోవచ్చు. కాని అలాంటి చెట్టు లోకంలో మరొకటి లేదు.

ఇక కడియంలో కొలువున్న పూల సంగతి. వీటిలో చాలా వాటి పుట్టిల్లు ఎక్కడో తెలిస్తే నవ్వు వస్తుంది. సంక్రాంతి నాడు గొబ్బెమ్మ తలపైన, బతుకమ్మ పేర్పులో, ఇంటి గుమ్మానికి తోరణంలో కనిపించే బంతి పువ్వు మెక్సికో ఆడపడుచు. అక్కడివారు కూడా ఏటా పితృదేవతలను తలచుకునే పండుగకు దానినే వాడతారు. సముద్రాలు దాటి వచ్చి, ఇక్కడా అక్కడా పండుగ పువ్వుగానే నిలిచిన అదృష్టం దానిది. చామంతి చీనా దేశపు సంతతి. దేవగన్నేరు పేరులో దేవత ఉన్నా ఊరు అమెరికా ఖండమే. సీతమ్మ పేరు పెట్టుకున్న సీతాఫలానికీ జన్మభూమి అదేనని వృక్షశాస్త్రజ్ఞుల మాట. సీమచింత మాత్రం తాను పరాయిదాన్నని పేరులోనే ఒప్పుకుంది. అనాస మరింత నిజాయితీపరురాలు. దక్షిణ అమెరికాలో ఆదివాసులు పిలిచిన పేరునే పోర్చుగీసువారి నోట మోసుకొచ్చి మనకు అప్పగించింది.

కడియానికి కూతవేటు దూరంలోనే కదా రాజమహేంద్రవరం! 11వ శతాబ్దిలో అక్కడ రాజరాజ నరేంద్రుని కొలువులో కూర్చుని నన్నయ భారతాన్ని తెనిగించినప్పుడు చుట్టుపక్కల తోటల్లో బంతి లేదు, జామ లేదు, బొప్పాయి లేదు. శ్రీనాథుడు అదే పట్టణంలో రెడ్డిరాజుల ఆదరణ పొందిన రోజుల్లోనూ మిరపకాయ లేదు. భోజనప్రియుడైన ఆ కవిసార్వభౌముడు మిరియపు ఘాటుతోనే సరిపెట్టుకున్నాడు. పోర్చుగీసు ఓడలు మిరపను తెచ్చింది ఆ తరువాతి శతాబ్దంలో. ఆవకాయ మన ఆదిమ సంపద అని గొంతెత్తి చెప్పేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే కొంత మెత్తబడతారు. పరాయి నేల నుంచి వచ్చిన కారం, మన మామిడి, మన ఆవ కలిసిన ఆవకాయ కూడా ఒక రకం అంటే.

కాగితం పువ్వు కథ వేరుగా చెప్పుకోవాలి. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు బూగెన్‌విలియా. 1766లో ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయలుదేరిన ఫ్రెంచి నావికుడు బూగెన్‌విల్ పేరది. ఆ నౌకాయాత్రలో ఫిలిబేర్ కొమ్మెర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. 1767లో బ్రెజిల్‌లోని రియో డి జనైరో వద్ద ఈ మొక్కను సేకరించారు. కొమ్మెర్సన్ ఆరోగ్యం అంతంతమాత్రం. బరువైన పెట్టెలు మోస్తూ, కొండలెక్కి మొక్కలు ఏరి తెచ్చే పని ఆయన సహాయకుడిది. ఆ సహాయకుడు పురుషుడు కాడు, పురుషవేషంలో ఉన్న జాన్ బారే అనే స్త్రీ. ఫ్రెంచి రాజనౌకలో స్త్రీలకు ప్రవేశం లేనందున ఆమె వేషం మార్చవలసి వచ్చింది. చివరకు ఫ్రాన్సు చేరి, భూప్రదక్షిణం చేసిన తొలి మహిళగా నిలిచింది. నావికుడి పేరు పువ్వుకు దక్కింది. కొమ్మెర్సన్ పేరు ఎన్నో జాతులకు దక్కింది. బారే పేరు ఒక మొక్కకు, వంగ కుటుంబానికి చెందిన దానికి, పెట్టింది 2012లో - అంటే ఆమె చనిపోయి రెండు శతాబ్దాలు దాటిన తరువాత.

రాత్రి వేళ కడియం ప్రాంతంలో ప్రయాణించేవారికి మరొక దృశ్యం కనిపించే కాలం ఉంది. తోటలో పెళ్ళిపందిరి వేసినట్లు వరుసగా విద్యుద్దీపాలు వేలాడుతుంటాయి. వాటి కింద పెళ్ళీ ఉండదు, పేరంటమూ ఉండదు, చామంతి మొక్కలుంటాయి. దీపాలు వాటికి చీకటి తెలియకుండా చేయడానికే. చామంతికి పూయవలసిన వేళను చెప్పేది పంచాంగం కాదు, రాత్రి నిడివి. గోదావరి సీమలో వేసవి పగలు దాదాపు 13 గంటలు. చలికాలపు పగలు 11 గంటలకు కాస్త ఎక్కువ. రాత్రి పెరుగుతున్నదని ఆకులు కనిపెట్టగానే చామంతి కొమ్మలు వేయడం మాని మొగ్గ తొడుగుతుంది. పూత పట్టిన కొమ్మ నారుకు పనికిరాదు. అందుకని రైతు దీపం పెట్టి, ఇంకా వేసవే ఉందని మొక్కను నమ్మిస్తాడు. మొక్క నమ్మి కొమ్మలు వేస్తూ పోతుంది. వాటిని తుంచి నారు చేస్తారు.

ఈ మర్మాన్ని లోకానికి వెల్లడించింది పొగాకు మొక్క కావడం విశేషం. అమెరికాలో 'మేరీలాండ్ మామత్' అనే పొగాకు రకం తోటివన్నీ పూసినా పూయక, తాటి చెట్టులాగా పెరుగుతూ పోయేది. గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు రోజూ కొంతసేపు దానిని చీకటి గదిలో ఉంచి, పగలు తగ్గితేనే అది పూస్తుందని 1920లో ప్రకటించారు. రాజమహేంద్రవరంలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసింది. ఆ పక్క ఊళ్ళలోనే రైతులు అదే సూత్రంతో చామంతిని మాయ చేస్తున్నారు. పూవును మోసగించడం ధర్మమా అని కావ్యాలు చదివిన సుకుమార హృదయులకు సందేహం కలగవచ్చు. పూలు అమ్మి పిల్లలను చదివించే రైతుకు ఆ సందేహం కలగడానికి తీరిక ఉండదు.

మొక్కను ఒకచోటి నుంచి మరొకచోటికి ప్రాణంతో చేర్చడం పెంచడం కంటె కష్టం. నంది తిమ్మన పారిజాతాపహరణంలో శ్రీకృష్ణుడు నందనవనం నుంచి పారిజాత వృక్షాన్ని పెకలించి తెచ్చి సత్యభామ పెరట్లో నాటాడు. వాహనం గరుత్మంతుడు గనుక వేళ్ళు ఆరకముందే చేరింది. మానవులకు ఆ వసతి లేదు. నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో ఉప్పుగాలికి మొక్కలు చచ్చిపోయేవి. 1829లో లండన్ వైద్యుడు నథానియెల్ వార్డ్ మూత వేసిన గాజు సీసాలో, తాను చిలుక పురుగు కోసం ఉంచిన మట్టిలో, నీరు పోయకుండానే ఒక చిన్న మొక్క మొలవడం గమనించాడు. లోపలి తడి ఆవిరై, గాజుకు తగిలి, తిరిగి మట్టిలోకే దిగుతున్నదని గ్రహించి గాజు పెట్టెలు చేయించాడు. చీనా తేయాకు మొక్కలు భారతదేశానికి వచ్చింది అలాంటి పెట్టెల్లోనే. కడియం ఎంచుకున్న వాహనం ఇంకా చౌక. ఒకప్పటి మట్టికుండీకి బదులు వచ్చిన నల్లసంచి తేలికైనది, పగలనిది. 1933లో ఇంగ్లండులో ఒక ప్రయోగం గురి తప్పినప్పుడు పాత్ర అడుగున మిగిలిన మైనం వంటి పదార్థమే ఈ సంచికి మూలమైన పాలిథీన్. అందులో ఎర్రమట్టి, పశువుల ఎరువు, కోనసీమ కొబ్బరి పొట్టు కలిపి నింపితే మొక్కకు ఇల్లు సిద్ధం. అద్దె ఇల్లే, ఎక్కువ కాలం ఉంచితే వేరు బయటికి దారి లేక గుండ్రంగా చుట్టుకుంటుంది. అలాంటి మొక్కను కొన్నవారు నాటేముందు ఆ చుట్టను విడదీయకపోతే, చెట్టు ఎదిగాక తన వేరు తనకే ఉరి అవుతుంది.

2020 మార్చి చివరివారంలో ఈ లారీలన్నీ ఆగిపోయాయి. అంటువ్యాధి అంటుమొక్కల దారికి అడ్డం పడింది. ఇతర సరుకును గోదాములో పెట్టి తాళం వేయవచ్చు. మొక్కకు తాళం లేదు. కొనేవారు లేకపోయినా నీరు పెట్టక తప్పదు, కలుపు తీయక తప్పదు. కడియపులంక పూల మార్కెట్టుకు రావలసిన మల్లెలు, కనకాంబరాలు, చామంతులు చెట్ల మీదే రాలిపోయాయి. ఆ వేసవిలో పెళ్ళిళ్ళు ఆగినందుకు పెళ్ళివారి కంటె పూలవారు ఎక్కువ దుఃఖించారు. కూలికి వెళ్ళే ఇళ్ళలో పొయ్యి వెలగడం కష్టమైంది. సంచిలో ఉండి పెరగడం మానని మొక్కలు సంచులు చీల్చుకుని నేలలోకి వేళ్ళు దించాయి; వాటిని పెకలించి వేరే సంచిలో పెట్టవలసి వచ్చింది. తరువాత, ఇళ్ళలో చిక్కుపడ్డ పట్టణవాసులకు పెరటి మొక్కల మీద ప్రేమ పుట్టి, లారీలు తిరిగి కదిలాయి.

ధనం, తటాకం, దేవాలయం వంటి వాటితో పాటు వనాన్ని కూడా సప్తసంతానాల్లో ఒకటిగా మన పెద్దలు లెక్కించారు. శాసనాల్లో వనం వేయించినవారి పేరు ఉంటుంది, వేసినవారి పేరు ఉండదు. కడియం తోటల్లో తెల్లవారకముందే ఆటోల్లో దిగే ఆడవాళ్ళు రోజుకు వందల సంఖ్యలో అంట్లు కడతారు. వారిలో చాలామందికి ఈ విద్య తల్లి దగ్గరో అత్త దగ్గరో అబ్బింది. ఏ కళాశాలా పట్టా ఇవ్వలేదు. వారి పిల్లలు ఇంటర్మీడియట్ చదువుతున్నారు, ఇంజనీరింగులో చేరుతున్నారు. అది సంతోషించదగిన విషయమే. అయితే పదునైన కత్తిని ఏ వాలున పట్టాలో, పట్టీని ఎంత బిగువున చుట్టాలో తెలిసిన ఆ వేళ్ళ పక్కన కూర్చుని నేర్చుకునేవారు తగ్గుతున్నారు. కొలతలు కాగితం మీద రాయవచ్చు. బిగువును రాయడం కష్టం.

కట్టిన అంటుకు కొన్ని వారాల్లో చిగురు వస్తుంది. చిగురు ముదిరాక ఒకామె వరుస వెంట నడుస్తూ పట్టీలు కోసివేస్తుంది. కట్టు ఉన్న చోట చిన్న బుడిపె మాత్రం మిగులుతుంది. సాయంత్రానికి లారీ వస్తుంది. మొక్కలను ఒకదానికొకటి ఆనించి, ఆకులు నలగకుండా, అంచెలంచెలుగా ఎక్కిస్తారు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఎవరో బండి ఆపి పేరు అడుగుతారు, ధర అడుగుతారు.